కోడి కాలి కింద నేల



పోయిన కార్తీకంలో తుపాను ముసురు నాలుగు రోజులు వదలకుండా పట్టింది. ఐదో రోజు పొద్దున్నే దొడ్లోకి వెళ్లాను. మా తెల్లపెట్ట అడుగు అడుక్కీ కాలు విదిలించుకుంటూ వస్తోంది. ఎత్తి చూద్దును కదా, రెండు కాళ్లకీ వేళ్ల చివర నిమ్మకాయంత మట్టి ముద్దలు. బూట్లు తొడిగినట్టే ఉంది. లాగితే గోరు ఊడొస్తుందేమోనని గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో కాళ్లు నానబెట్టి కూర్చున్నాను. అరగంటకి ఒక ముద్ద విడింది. చిదిపి చూస్తే పైన పెంకులా ఎండిన నల్లమట్టి, లోపల పచ్చిగా రెట్ట, ఒక చిన్న ఈక, రెండు నూకగింజలు. ముక్కు దగ్గర పెట్టుకోలేకపోయాను.

ఇది చెప్పడానికి నేను సిగ్గుపడాలి. ముప్పయ్యేళ్లు పశువుల ఆసుపత్రుల్లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సత్తెనపల్లి పక్కన సొంతూళ్లో ఓ పాతిక కోళ్లు పెట్టుకున్నవాణ్ణి. ఆసుపత్రికి కోడిని గంపలో పెట్టుకొచ్చిన ప్రతి అమ్మనీ మేత ఏం వేస్తున్నావమ్మా, నీళ్లెక్కడివి, టీకా వేయించావా అని అడిగేవాణ్ణి. మీ దొడ్డి నేల ఎలా ఉంది అని అడిగింది మాత్రం చాలా తక్కువ. ఇవాళ ఆ అడగని ప్రశ్న మీదే మాట్లాడతాను.

మా నాయనమ్మ రోజుల్లో కోళ్లకి దొడ్డేమిటి? పొద్దున గంప ఎత్తితే సాయంత్రం దాకా ఊరంతా వాటిదే. పెంటదిబ్బ, గడ్డివాము, గొడ్లచావిడి, చింతచెట్టు నీడ, అన్నీ తిరిగి చీకటి పడే వేళకి గూటికి చేరేవి. రెట్ట ఒకచోట పడేది కాదు. పడ్డది పడ్డట్టు ఎండలో ఎండిపోయేది. ఇప్పుడు అలా వదలగలమా? వీధి సిమెంటు రోడ్డయింది, మోటారు సైకిళ్లు ఆగవు. కుక్కలు పెరిగాయి. సంక్రాంతి దాటిందంటే ఊరి చుట్టూ మిరప కల్లాలు. కోడికి కల్లమంటే పండగ. మిరపకాయ ఘాటు మన నాలుకకే గాని పక్షి నాలుకకి తగలదు. పిట్టలు పండు మిరపకాయని జామపండు తిన్నట్టు తినేస్తాయి, గింజని మాత్రం ఎక్కడో చెక్కుచెదరకుండా విడుస్తాయి. అంచేత మన పెట్ట వెళ్లి పక్కవాళ్ల తేజా రకం మిరపకాయల్ని కాళ్లతో చిమ్మి గింజలేరుకుంటుంటే వాళ్లు ఊరుకుంటారా? దాంతో అందరం చుట్టూ ఇనప జాలో, చీరాల వైపు నుంచి తెచ్చిన పాత చేపల వలో కట్టి కోళ్లని లోపల వేశాం. కోడికి కాపలా దొరికింది. నేలకే కష్టం మొదలైంది.

ఒక లెక్క చెబుతాను. ఎదిగిన పెట్ట రోజుకి నూరు గ్రాములకి తక్కువ కాకుండా రెట్ట వేస్తుంది. అందులో ముప్పాతిక భాగం నీళ్లే. పది పెట్టలుంటే రోజుకి కిలో, ఏడాదికి మూడున్నర క్వింటాళ్ల పైమాట. మనం చీపురుతో ఊడ్చేది గూడు ముందరిదే. మిగతాదంతా కోడి కాళ్లతో తొక్కి, గీరి, నేలలోకి దింపేస్తుంది. మూడేళ్లు గడిస్తే పది క్వింటాళ్లు దిగి ఉంటుంది, ఆ నాలుగు గజాల చోట్లో.

ఇసుక నేలైతే కొంత తట్టుకుంటుంది, కడిగేసుకుంటుంది. మనది నల్లరేగడి. ఈ మట్టిలో ఉండే బంకకి మాంట్‌మోరిల్లోనైట్ అని ఫ్రాన్సులో ఓ ఊరి పేరు మీద పేరు పెట్టారు. పేరు నోరు తిరగనిదైనా దాని గుణం ఇక్కడి రైతుకి పుట్టుకతోనే తెలుసు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. తాగిన నీటిని గట్టిగా పట్టుకుని వదలదు. ఆ గుణం వల్లే వాన మొహం చాటేసినా పత్తి మొక్క నెల రోజులు తలెత్తుకుని నిలబడుతుంది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్టల్లో పత్తీ, మిరపా ఇంత పండాయంటే ఆ పట్టుదలే కారణం. కోళ్ల దొడ్డికి వచ్చేసరికి అదే గుణం ఎదురు తిరిగింది. వాన వెలిసి వారమైనా అడుగు తడే. పైన చూస్తే అట్టకట్టి ఎండినట్టుంటుంది, కోడి రెండు గీతలు గీరితే కింద పచ్చి బయటపడుతుంది.

ఆ పచ్చిలో ఏముంటుందో నాకు నా కోడిపిల్లలే నేర్పాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ వారు పెరటి పెంపకం కోసం తీసిన వనరాజా రకం పిల్లల్ని ముప్పై తెచ్చాను. నాలుగు వారాలు అట్టపెట్టెలో, బల్బు కింద ముద్దుగా పెంచాను. ఐదో వారంలో కాస్త తిరుగుతాయని పెద్దకోళ్ల దొడ్లో వదిలాను. అదీ నేను చేసిన తప్పు. వారం తిరిగేసరికి మూడు పిల్లలు రెక్కలు వాల్చి, మెడ లోపలికి లాక్కుని, కళ్లు మూసుకుని ఓ మూల నిలబడ్డాయి. రెట్ట చూస్తే మోదుగపువ్వు రంగు. రక్త పారుడు. చదువుకున్నవాళ్లం కాక్సిడియోసిస్ అంటాం. మందు నీళ్లలో కలిపి పట్టేలోపే పదకొండు పోయాయి.

పెద్దకోళ్లకి ఏమీ కాలేదు. అదే అసలు తిరకాసు. చిన్నప్పుడు కొద్దికొద్దిగా తగిలి, తట్టుకుని బతికిన పెద్దకోడి ఆ క్రిమిని కడుపులో మోస్తూ రెట్టలో దాని గుడ్లు విడుస్తూనే ఉంటుంది. ఆ గుడ్డు నేల మీద పడగానే ప్రమాదం కాదు. దానికి మూడు కావాలి: తడి, వెచ్చదనం, గాలి. మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పండి, మింగిన పిల్లని పడగొట్టే స్థితికి వస్తుంది. ముసురు పట్టిన మన శ్రావణ భాద్రపదాలు దానికి అచ్చంగా పుట్టిల్లు. బ్లీచింగు పొడి చల్లినా, ఫినాయిలు పోసినా దాని పెంకు లొంగదు. బాగా లొంగేది ఎండకీ వేడికీ. ఏలికపాముల గుడ్లదీ ఇంచుమించు ఇదే దారి. తేమా నీడా దొరికితే అవి నెలల తరబడి మట్టిలో కాచుకుని ఉంటాయి. మనం మూణ్ణెల్లకోసారి నట్టల మందు పట్టించి హమ్మయ్య అనుకుంటాం. మర్నాడు కోడి అదే నేలలో ముక్కు పెడుతుంది.

ఇంగ్లండులో నూరేళ్ల కిందట, కోళ్లని ఆరుబయట కంచెల్లో పెంచే రోజుల్లో, అక్కడి రైతులు కోళ్ల వల్ల జబ్బుపడ్డ నేల అనే మాట వాడేవారు. జబ్బు కోడికి కాదట, నేలకట. తర్వాత పెద్ద ఫారాల వాళ్లు దీనికి ఓ ఉపాయం కనిపెట్టారు, కోణ్ణి నేల మీద నుంచి లేపి ఇనప పంజరంలో పెట్టేశారు. గుడ్ల వ్యాపారానికి అది లెక్క కుదిరింది కాబోలు, ఇంటి పెరట్లో కోణ్ణి అలా చూడటం నా వల్ల కాదు.

మరి నేల జబ్బుపడకుండా చూసుకునే కిటుకు తెలిసినవాళ్లు మన దగ్గర లేరా అంటే, ఉన్నారు. కోత అయిపోయాక చేలల్లో గొర్రెల మంద కట్టించుకుంటాం కదా. గొల్లవాళ్లు మందని ఒక రాత్రి ఉంచిన చోట రెండో రాత్రి ఉంచరు. జరుపుకుంటూ పోతారు. అందుకే పెంట ఎరువవుతుంది గాని రోగం కాదు. మందకి ఇచ్చిన మర్యాద కోళ్లకి ఇవ్వలేదు మనం. పదేళ్లయినా అదే మూల, అదే ఇనప జాలీ.

సరే, ఏం చేయాలి? ఏటా వేసవి చివర్లో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండ అని మనమే అంటాం. రెంటచింతల వాళ్లనడగండి ఆ ఎండ సంగతి. ఏడాది మొత్తంలో దొడ్డి నేల బాగుచేయడానికి ఇంతకంటే మంచి అదను లేదు. చేలో వేసవి దుక్కి ఎందుకు దున్నుతాం? పురుగుల కోశాలూ కలుపు విత్తనాలూ పైకొచ్చి మాడాలని. దొడ్డికీ ఆ దుక్కే కావాలి. కోళ్లని రెండు మూడు వారాలు పక్కకి మార్చండి. చోటు లేకపోతే సగం సగం చేయండి. ముందు పారతో పైమట్టి రెండంగుళాల మందం చెక్కి తీసేయండి. అట్టల్లాగా లేచి వస్తుంది, చూస్తే మీకే తెలుస్తుంది ఎన్నేళ్ల రెట్టో. తర్వాత గడ్డపారతో జానెడు లోతు తవ్వి పెళ్లలు పెళ్లలుగా తిరగేసి వదిలేయండి. పగలగొట్టొద్దు. రేగడి పెళ్ల ఎండకి దానంతటదే పేలిపోతుంది. నాలుగైదు రోజులకోసారి తిరగేయండి, అడుగు పైకి రావాలి.

చెక్కిన మట్టి పారేయకండి, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఆ తర్వాత నేల ఎత్తు. తొలకరి పడక ముందే చుట్టుపక్కల కన్నా దొడ్డి కనీసం జానెడు ఎత్తుండాలి, ఒక పక్కకి వాలుండాలి, ఆ వాలు కింద ఓ చిన్న కాలవ ఉండాలి. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ఓ ట్రాక్టరు ఇసుక తోలించి రేగడి మీద నేరుగా పరిచేస్తారు. మొదటి ఏడు బ్రహ్మాండంగా ఉంటుంది. ఎండాకాలం నెర్రెలిచ్చినప్పుడు ఇసుకంతా ఆ నెర్రెల్లోకి జారిపోతుంది, వానాకాలం నేల ఉబ్బి మిగిలినదాన్ని మింగేస్తుంది. రేగడిలో పునాది వేసినవాణ్ణి అడిగితే కథలు చెబుతాడు. కాబట్టి అడుగున ఇటుక ముక్కలూ, పాత పెంకులూ, గ్రావెలూ ఓ అడ్డు పొరలా పరిచి దిమ్మిస కొట్టాలి. దాని మీద ఎర్రమట్టి. ఆపైన ఇసుక ఎంత పోసుకున్నా నిలుస్తుంది. దొడ్డి మొత్తానికి చేయలేకపోతే గూడు ముందరా, నీళ్ల తొట్టి చుట్టూరా చేయండి, సగం బురద అక్కడే పుడుతుంది. తొట్టిని నేల మీద పెట్టకుండా రెండిటుకల మీద పెట్టండి.

సున్నం గురించి అడుగుతారు. పిడుగురాళ్ల బట్టీలు పక్కనే ఉండగా సున్నానికి మనకేం కరువు? విదేశీ పుస్తకాల్లో నేల పులిసిపోతుంది, సున్నం చల్లి తీపి చేయండి అని రాసి ఉంటుంది. వాళ్ల నేలలు పులుపు నేలలు, వానకి సారం కొట్టుకుపోయినవి. మన రేగడి అసలే క్షారం, తవ్వితే సున్నపు గులకలు బయటపడతాయి. దానికి సున్నంతో తీపి చేసేదేమీ లేదు. మనకి సున్నం పని వేరు: తడి పీల్చడం, క్రిమిని కొంత అణచడం. అందుకే ఏడాదికోసారి, నేల చెక్కి ఎండబెట్టాక, చల్లారిన సున్నం పొడి పల్చగా చల్లి మట్టిలో కలిపితే చాలు. పచ్చి రెట్ట మీద మాత్రం చల్లకండి. చల్లితే గుప్పున ఘాటు లేస్తుంది, అది అమ్మోనియా. కోడి కళ్లూ ఊపిరితిత్తులూ రెండూ పాడవుతాయి. చల్లార్చని సున్నం అయితే తడి తగలగానే సలసలా కాగుతుంది, కాళ్లు పుండ్లవుతాయి. నీళ్లు చల్లి చల్లారిన సున్నమే వాడండి, పనయ్యాక వారం దాకా కోళ్లని రానివ్వకండి. చల్లేటప్పుడు మీ కళ్లూ ముక్కూ జాగ్రత్త.

ఇక రోజువారీ పని. ఉత్త నేల కంటే పైన పొట్టు పరిచిన నేల నయం. తెనాలి, రేపల్లె వైపు మిల్లుల్లో వరి ఊక దొరుకుతుంది, ప్రకాశం మెట్టల్లో వేరుశనగ పొట్టు దొరుకుతుంది. ఏదైనా సరే నాలుగంగుళాలు పరిచి, మేకులు కొట్టిన కర్రతోనో చిన్న పారతోనో రెండు రోజులకోసారి కదుపుతూ ఉండండి. కోళ్లు కూడా సాయం చేస్తాయి, గుప్పెడు నూకలు చల్లితే గంటలో దొడ్డంతా తిరగేసి పెడతాయి. బూజు వాసన వచ్చే వేరుశనగ పొట్టు మాత్రం ఎంత చవకైనా వద్దు. ఆ బూజు కోడి ఊపిరిలోకి పోతుంది, దాని విషం కడుపులోకి పోతే కాలేయాన్ని తినేస్తుంది.

పొట్టు ఎలా ఉందో తెలుసుకోడానికి మిషన్లేం అక్కర్లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. చెయ్యి తెరవగానే ముద్ద ముద్దగానే ఉండిపోతే తడెక్కువ, కొంత తీసి పొడిది కలపాలి. ముద్ద కాకుండా జలజలా రాలి దుమ్ము లేస్తే మరీ పొడి. చెయ్యి తెరిచాక ఓ క్షణం ముద్దలా నిలబడి మెల్లగా విడిపోయిందా, సరిగ్గా ఉన్నట్టు. ఇంకో పరీక్ష ముక్కుది. మనం నిలబడి వాసన చూసి బాగానే ఉందనుకుంటాం. కోడి ముక్కు ఉండేది నేలకి జానెడు ఎత్తులో. గొంతుకూర్చుని, తల వంచి, ఓ నిమిషం పీల్చండి. కళ్లు మండితే మీకే అర్థమవుతుంది రాత్రంతా వాటి గతేమిటో.

దొడ్లో ఓ మూల, వాన తగలని చోట, పొర్లడానికి పొడిమట్టి గుంట ఒకటి ఉంచండి. ఎర్రమట్టి, ఇసుక, పొయ్యిలో కట్టెల బూడిద కలిపి. కోడికి అదే స్నానం, పేలు అందులోనే రాలతాయి. పొదిగే పెట్ట గూట్లో పొగాకు కాడ పెట్టడం మా నాయనమ్మకి ఎవరు నేర్పారో గాని, పొగాకులోని నికోటినుని ఒకప్పుడు కోళ్ల పేలకి మందుగా అమ్మేవారు కూడా. ఒంగోలు పొగాకు దేశంలో ఆ కాడకి లోటు లేదు.

చోటున్నవాళ్లు దొడ్డిని రెండు భాగాలు చేసుకోండి. ఒకదాంట్లో కోళ్లు, రెండోదాంట్లో పిల్లిపెసరో తోటకూరో చల్లండి. లేత జొన్న వద్దు, అందులో విషముంటుందని గొడ్లున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నెలన్నర తర్వాత కోళ్లని పచ్చటి సగంలోకి తోలండి. ఆ నెలన్నరలో క్రిములన్నీ చస్తాయని నేను చెప్పను, చావవు. తగ్గుతాయి. మొక్క వేళ్లు నేలని గుల్ల చేస్తాయి, రెట్ట సారం కాస్త పీల్చుకుంటాయి. లేత పిల్లల్ని మాత్రం ఎప్పుడూ పెద్దకోళ్లు తిరిగిన నేలలో కాకుండా కొత్త చోట వదలండి. నాలా చేయకండి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన బెడద ఇంకొకటుంది, పురుగుమందు. 2021లో మిరప పూతలో నల్ల తామరపురుగు దిగినప్పటి నుంచీ ఎన్ని మందులు కొట్టామో మీకు నేను చెప్పాలా? ఆ చేలో పీకిన మిరప కట్టె, రాలిన ఆకు తెచ్చి దొడ్లో పరవకండి. మందు డబ్బా కడిగిన నీళ్లు దొడ్డి వైపు పారనివ్వకండి. మోనోక్రోటోఫాస్ లాంటివి పక్షుల పాలిట మరీ విషం, మందు పట్టించిన విత్తనం తిన్నా కోడి పడిపోవచ్చు. పత్తి కట్టె దడికి బాగుంటుంది గాని అందులో గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ పంట మీద పడుతుంది, కాబట్టి వేసవిలోనే ముక్కలు కొట్టించి ఎరువు గుంటలో వేయడం మంచిది.

చెప్పుల సంగతి కూడా ఒక మాట. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు అందరం భయపడ్డాం. అలాంటి జబ్బుని మోసుకురాకుండా ఉండాలంటే సంతకో, ఇంకొకరి కోళ్ల దగ్గరికో వెళ్లిన చెప్పులతో మన దొడ్లోకి రాకూడదు. గేటు దగ్గర ఓ పాత చెప్పుల జత దొడ్డికే విడిగా ఉంచండి. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చస్తుంటే పూడ్చేసి ఊరుకోకుండా ఆసుపత్రిలో చెప్పండి.

చెక్కిన మట్టి సంగతి చెబుతానన్నాను. మా దొడ్లో పోయినేడు తీసిన మట్టిని చెట్టు కింద కుప్ప పోసి, కాస్త తడిపి, కొబ్బరి మట్టలు కప్పి మూడు నెలలు వదిలాను. పచ్చిది మిరప నారుకి వేస్తే వేళ్లు మాడతాయి, మాగితే మాత్రం బంగారం. వెనకటికి మనవాళ్లు పాత ఊరి దిబ్బల నుంచి పాటిమన్ను బండ్ల కొద్దీ చేలకి తోలుకునేవాళ్లు చూడండి, ఇదీ అటువంటిదే. పక్కింటి కుర్రాడు కుప్ప దగ్గరికొచ్చి గుప్పెడు తీసి నలిపి చూశాడు.

"బాబాయ్, ఈ మట్టి ఎంతకిస్తావు?"

"డబ్బులెందుకురా అబ్బాయా, ఎత్తుకుపో. నాకో ట్రక్కు ఎర్రమట్టి తోలి పో" అన్నాను.

రెండు రోజులకే తోలాడు. ఆ ఎర్రమట్టి మీదే ఇప్పుడు మా కోళ్లు తిరుగుతున్నాయి. మా తెల్లపెట్టకి ముసురులో ఊడిన ఒక గోరు మాత్రం మళ్లీ రాలేదు. మిగిలిన గోళ్లతోనే పొద్దున్నించీ గీరుతోంది.